కషాయం తాగించిన గ్లాసు

నేను ఒక ఇత్తడి గ్లాసుని. కంచరి సుత్తి దెబ్బలు తిని పుట్టాను, తిరునాళ్లలో అమ్ముడుపోయాను, అత్తగారి చేతి నుంచి పున్నమ్మ చేతికి వచ్చాను. స్టీలు గ్లాసులు రాగానే నన్ను అటకెక్కించారు. అయినా ఇంట్లో ఎవరికైనా నెలలు నిండాయంటే చాలు, కిందికి దించి చింతపండు పెట్టి తోమేవారు. జీలకర్ర కషాయం నాలోనే తాగించాలట. తాగాక తగ్గితే దొంగ నొప్పులు, పెరిగితే అసలు నొప్పులు. ఇంత పెద్ద తీర్పును చారెడు జీలకర్రకు అప్పగించి నిశ్చింతగా కూర్చునే మనుషులను చూస్తే నాకు నవ్వొచ్చేది.

పున్నమ్మ కూతురు నాగదుర్గ తొలికాన్పుకు పుట్టింటికి వచ్చింది. ఒకరోజు పొత్తికడుపు బిగిసిందని తల్లీకూతుళ్లు ఆటో ఎక్కి ఆసుపత్రికి పరిగెత్తారు. చేరేసరికి నొప్పి లేదు. "దొంగ నొప్పులకే ఇంత హడావిడా? ఇంటికి పోండి" అని అక్కడి నర్సు అందరి ముందూ కసిరింది. ఆ మాట పున్నమ్మ మనసులో ఉండిపోయింది.

అందుకే తర్వాతి ఆదివారం పొద్దున నాగదుర్గ "అమ్మా, నడుం కాడ్నుంచి ముందుకు పట్టుకొస్తందే" అన్నప్పుడు, పున్నమ్మ ఆటోని పిలవలేదు, నన్ను దించింది. కషాయం తాగిన కాసేపటికి పిల్ల ముఖం తేటపడింది.

"చూశావా, తగ్గింది. దొంగ నొప్పులే" అంది పున్నమ్మ.

తగ్గలేదు. అసలు నొప్పులు విడిచి విడిచి వస్తాయి. ఆ విడుపును చూసి పున్నమ్మ నయమైందనుకుంది. నొప్పి మళ్లీ వచ్చింది, నన్ను మళ్లీ నింపింది. మొదట్లో రెండు కషాయాల మధ్య నేను పూర్తిగా చల్లారేదాన్ని. తర్వాత గోరువెచ్చగా ఉండగానే నింపసాగింది. మధ్యాహ్నానికి నా వేడి తగ్గనే లేదు. పడుకున్నా, అటూ ఇటూ నడిచినా ఆ పిల్లకు నొప్పి ఆగడం లేదు. పళ్లు నా అంచుకు కొట్టుకుంటున్నాయి. నాకు ఒళ్లు మండిపోయింది. నోరుంటే అరిచేదాన్ని.

"పోదామే అమ్మా, నా వల్ల కాదే."

"మళ్లా తిట్టించుకుందామా? ఇంకో గుక్క తాగు తల్లీ, సర్దుకుంటది."

ఉమ్మనీరు చాప మీదికి పోయాక గానీ ఆటోని పిలవలేదు. ఆ నీరు ఆకుపచ్చగా ఉంది, లోపల బిడ్డ అప్పటికే కష్టంలో ఉన్నట్టు.

సాయంత్రం పున్నమ్మ ఒక్కతే ఇంటికి వచ్చి, పెట్టెలో మెత్తటి పాత చీర కోసం వెతుకుతూ పక్కింటావిడతో చెప్పింది. "మగపిల్లోడు. ఉమ్మనీరు మింగేశాడంట. పొద్దున్నే తెచ్చుంటే దక్కేవోడన్నారు."

ఇంటికి తెచ్చాక నాగదుర్గకు పాలు పడ్డాయి. రవిక తడిసిపోతుంటే గోడవైపు తిరిగి కూర్చుంది. పున్నమ్మ చేతికి అందిన గ్లాసు నేనే. పాలు నాలోకి పిండుకుని, "ఏడ పొయ్యనే అమ్మా?" అని అడిగింది ఆ పిల్ల.

పున్నమ్మ నన్ను పట్టుకుని పెరట్లోకి వెళ్లింది. పారబోయలేక అలాగే నిలబడిపోయింది.