చెవుడు లేని కుక్కలు

డాక్టర్ రాజగోపాల గదిలోకి ఎవరు అడుగు పెట్టినా ముందు చూడాల్సింది ఆయన కంప్యూటర్‌లోని అంకె. ఆయన పరిశోధన వ్యాసాలను ఇతరులు తమ వ్యాసాల్లో ఎన్నిసార్లు పేర్కొన్నారో చెప్పే లెక్క అది. సైటేషన్లంటారు. పొద్దున 814 చూసి కాఫీ తాగుతాడు. మధ్యాహ్నం కూడా అదే 814 ఉంటే ల్యాబులో అందరికీ తిట్లు. అందులో రెండొందలు ఆయనకు ఆయన ఇచ్చుకున్నవి, మూడొందలు శిష్యుల మెడలు వంచి రాయించుకున్నవి. తన డప్పు తానే కొట్టుకుంటే చేతులు నొప్పి పుడతాయి కదా, అందుకని శిష్యులను పెట్టుకున్నాడు మహానుభావుడు.

కర్పగం ఆ శిష్యుల్లో ఒకతె. తమిళనాడులో సేత్తూరు రైతు బిడ్డ. ఐదేళ్లుగా బస్సెక్కి రాజపాళయం వచ్చి ఆ ల్యాబులో చాకిరీ చేసింది. థీసిస్ పూర్తయింది. ఇక గైడుగా ఆయన సంతకం కావాలి. అది పడకపోతే ఐదేళ్లూ బూడిదలో పోసిన పన్నీరే.

చిక్కంతా నాలుగో అధ్యాయంతో వచ్చింది. ఆయనకు పేరు తెచ్చిన వ్యాసం రాజపాళయం కుక్కల గురించి. ఆ తెల్లకుక్కల్లో కొన్ని పుట్టు చెవిటివి. ఆ చెవుడుకు కారణమైన జన్యువును పట్టేశానని ఏడేళ్ల కిందట ప్రకటించాడు. ఎద్దు ఈనిందంటే దూడను కొట్టంలో కట్టెయ్యమన్నట్టు, లోకమంతా నమ్మింది. కర్పగం మాత్రం కొత్త ఈతల్లోని కుక్కపిల్లల చెవులను యంత్రం పెట్టి పరీక్షించింది. ఆ జన్యువుకూ చెవుడుకూ సంబంధమే కనబడలేదు. తన పనిలోనే తప్పుందేమోనని మూడుసార్లు మళ్లీ చేసింది. చివరికి మంసాపురం వెళ్లి బాలుసామిని అడిగింది. కుక్కలు పెంచే ఆ ముసలాయనే అప్పట్లో రాజగోపాలను ఇంటింటికీ తిప్పాడు.

"అప్పుడు సారు కుక్కల చెవి ఎట్ల చూసినాడు తాతా?"

"ఎక్కడ చూసినాడు పాపా? సగం ఆయన సొంతక్కారుల ఇండ్లే, చుట్టాలవి. తిన్నె మీద కూర్చొని కాపీ తాగినాడు. 'మామా, మీ కుక్కకు చెవి వినిపిస్తుందా' అని అడిగినాడు. మా ఇంటి కుక్క చెవిటిదని ఏ పెద్దింటివాడు చెప్తాడు? మర్యాద పోదా? అంతా వినిపిస్తుందనే చెప్పినారు. సారు టిక్కు కొట్టుకొన్నాడు."

"మరి చెవిటివని రాసినవి?"

"అవి మా మాదిరి వాండ్లవి. మాకేం మర్యాద ఉంది పోవడానికి?"

కర్పగానికి సంగతి తెలిసిపోయింది. మామగారి కుక్క వెనకాల నిలబడి చప్పట్లు కొట్టి చూడటానికి సిగ్గుపడి, ఆయన వాళ్ల మాటనే విజ్ఞానంగా అచ్చు వేయించాడు. ఆ జన్యువు చెవుడును పట్టనే లేదు. పెద్దిళ్లలో పెరిగిన కుక్కల వంశాన్నీ పేదిళ్లలో పెరిగిన వంశాన్నీ వేరు చేసింది, అంతే.

విషయం చెప్పగానే ఆయన ముఖం మాడిపోయింది. "ఆ అధ్యాయం ఎత్తేసి రామ్మా, సంతకం పెడతాను. లేకపోతే ఊరికి పోయి పత్తి ఏరుకో" అన్నాడు.

ఆమె ఎత్తెయ్యలేదు. ఎనిమిది నెలలు సంతకం లేకుండా తిరిగింది. చివరికి ఆ అధ్యాయాన్ని అందరూ చదివేలా ఇంటర్నెట్‌లో పెట్టేసింది. దేశదేశాల పరిశోధకులు దాని మీద పడ్డారు. పరిశోధన ఎలా చేయకూడదో చెప్పడానికి రాజగోపాల వ్యాసాన్ని ఉదాహరణగా చూపించారు. చూపించాలంటే పేరు రాయాలి కదా. 814 కాస్తా 1,306 అయింది.

రాజగోపాల కులపోళ్లు తమ చావడిలో ఫ్లెక్సు కట్టారు, శాలువా కప్పారు. ఎందుకు పెరిగిందని అడిగిన పుణ్యాత్ముడు ఒక్కడూ లేడు.

మర్నాడే ఆయన నుంచి పిలుపు వచ్చింది. "దామ్మా కర్పగం, కూర్చో. ఎక్కడ పెట్టాల సంతకం?"

ఆ అధ్యాయం ఎత్తేశానని అబద్ధం చెప్పి ఆయన సంతకం లాగేయొచ్చు. ఆమెకు మనసొప్పలేదు. "సార్, ఒకతూరి చదవండి. మీది తప్పని రాసినాను."

"తప్పని రాసినా నా పేరు రాసే కదా తీరాల? నంబరు తగ్గదు కదా?"

"తగ్గదు సార్."

"సరి, అప్పుడేంది? వచ్చే వ్యాసం ఇంకా గట్టిగా రాయి."

ధ్రువపత్రంలో, 'ఇందులోని ఫలితాలన్నీ స్వయంగా పరిశీలించి అంగీకరిస్తున్నాను' అన్న వాక్యం కింద ఆయన చకచకా సంతకం గీకాడు. కాగితం వైపు చూడలేదు. రెండో చేత్తో అంకె మారిందేమోనని కంప్యూటర్ నొక్కుతున్నాడు.

కర్పగం కాగితం తీసుకుని వరండాలోకి వచ్చింది. ఆయన మీద కోపం వస్తుందనుకుంది, రాలేదు. కోపగించుకోవడానికైనా అక్కడ ఒక మనిషంటూ ఉండాలి కదా. ఈ మాత్రం వాడికా నేను ఐదేళ్లు వణికింది అనుకునేసరికి తన మీద తనకే అసహ్యం వేసింది.