ఎడమ రెక్క

డిపోలో విశ్రాంతి గదికి రంగులు వేయిస్తూ, మూలన పడి ఉన్న పిన్‌బాల్ యంత్రాన్ని తుక్కు కింద ఆరుబయట పడేశారు. ఆవిడ ఆ డిపోలో బస్సు డ్రైవరు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ట్రిప్పుకీ ట్రిప్పుకీ మధ్య దాని ముందు నిలబడి, అద్దం కింద దొర్లే ఉక్కు బంతిని రెండు రెక్కలతో పైకి ఎగరగొడుతూ బెరుకు పోగొట్టుకున్న మనిషి. దాన్ని వానకు వదిలేయడానికి మనసొప్పలేదు. కండక్టర్లను బతిమాలి ఇంటికి చేర్పించింది.

ముందుగదిలోని సోఫా బాల్కనీకి పోయింది.

"మరి మనం ఎక్కడ కూర్చోవాలి?" అన్నాడు భర్త.

"ఇన్నాళ్ళూ కూర్చుని ఏం ఉద్ధరించాం గనక," అంది ఆవిడ, స్క్రూలు విప్పుతూ.

అత్తగారు చుట్టూ తిరిగి చూసింది. "మంచమూ కాదు, బల్లా కాదు. ఎందుకమ్మాయ్ ఇది?"

"ఆడుకోడానికి అత్తయ్యా."

ఆ పెద్దావిడ తన గదిలోకి వెళ్ళిపోయింది.

సెలవు దొరికినప్పుడల్లా అదే పని. పట్టిన చిలుము గీకింది, తెగిన తీగలు అతికింది, కుళ్ళిన రబ్బరు పట్టీలు మార్చింది. చివరికి కరెంటు పెడితే దీపాలు వెలిగాయి, కుడి రెక్క టకటకమంది. ఎడమది మాత్రం ఉలకలేదు, పలకలేదు. బంతి దొర్లే బోర్డు ఎత్తి చూస్తే దాన్ని కదిలించే రాగి తీగ చుట్ట మాడిపోయి ఉంది.

మోటార్లు బాగుచేసే అతను చూసి పెదవి విరిచాడు. "ఇలాంటివి ఇప్పుడెవరూ చుట్టరమ్మా. అలంకారానికి ఉంచుకోండి."

"అలంకారానికైతే పూలకుండీ తెచ్చుకునేదాన్ని. తీగ ఉంటే ఇవ్వండి, నేనే చుట్టుకుంటా."

చేత్తో చుట్టిన మొదటి చుట్ట పొగలు కక్కి, ఇల్లంతటికీ కరెంటు పోగొట్టింది. రెండోసారి తీగ సగంలో పుటుక్కున తెగింది. ఆవిడ నేలమీద చతికిలబడి, తెగిన తీగ వంకే చూస్తూ ఉండిపోయింది.

"అలా చేత్తో చుడితే వదులుగా కాక ఎలా వస్తుంది?" అంది అత్తగారు వెనకనుంచి. "లే. ఇటు రా."

అత్తగారి కుట్టుమిషను ఆమె గదిలో కిటికీ పక్కన ఉంది. దానిమీద ఊళ్ళోవాళ్ళ బట్టలు కుట్టి కొడుకును చదివించింది. చేతులు వణకడం మొదలయ్యాక దుప్పటి కప్పేసింది, ఎవర్నీ తాకనివ్వలేదు. ఇప్పుడు తనే దుప్పటి లాగేసింది. దారం చుట్టే కడ్డీకి అట్టముక్క మడిచి బిగించి, దానిమీద మాడిన తీగ విప్పేసిన ఖాళీ రీలును కూర్చోబెట్టింది.

"చక్రం నేను తిప్పుతా. తీగ నువ్వు పట్టు."

చుట్టు పక్కన చుట్టు పడుతూ తీగ ఎక్కసాగింది. అంతలో కోడలు కాస్త గట్టిగా లాగింది. వరస తప్పింది.

"విప్పు," అంది అత్తగారు. "మలుపుల్లో కూడా ఇలాగే లాగుతావా బస్సుని?"

"మలుపుల్లో పక్కన అత్తగారు ఉండరుగా."

పెద్దావిడ నవ్వాపుకుంది. చెయ్యి వణికినప్పుడల్లా చక్రం ఆపి, ఊపిరి పీల్చుకుని మళ్ళీ తిప్పింది. కోడలు తొందరపెట్టలేదు. కుడివైపు చుట్ట ఎంత లావుందో ఇదీ అంత అయ్యేసరికి ఇద్దరి మెడలూ పట్టేశాయి.

బిగించి, అతికి, మీట నొక్కారు. ఎడమ రెక్క ఠక్కున లేచింది. వంటింట్లోంచి భర్త చేతిలో గరిటెతోనే పరుగెత్తుకొచ్చాడు.

"ముందు నేను," అంటూ తల్లి అతన్ని పక్కకు జరిపింది. బంతి రెండు మూడుసార్లు ఎగిరి, గంటలు మోగించి, రెక్కల మధ్యనుంచి తిన్నగా జారిపోయింది.

"ఇదేం మోసం? నేను నొక్కానుగా."

"కొంచెం ముందు నొక్కాలి అత్తయ్యా."

మళ్ళీ ఆడింది. ఈసారి బంతి చాలాసేపు నిలిచింది. ఆమె తలెత్తి చూస్తే, పైన అంకెల చక్రాలన్నీ సున్నా దగ్గరే బిగుసుకుని ఉన్నాయి.

"నేనెంత కొట్టానో ఎలా తెలుస్తుంది?"

"అవింకా బాగుచెయ్యలేదు."

"అయితే కూర్చున్నావేం?" అని అత్తగారు కళ్ళజోడు తుడుచుకుంది.

కోడలు స్విచ్చి ఆపి, స్క్రూడ్రైవరు తీసుకుని, యంత్రం వెనక తలుపు విప్పడం మొదలుపెట్టింది.