ఊరికే పిలుపు

హో...యి—

నీటి మీదికి తల తేలగానే వచ్చే ఈల అది.

లోపల బిగబట్టిన ఊపిరంతా పళ్ళ సందుల్లోంచి ఒక్కసారిగా బయటపడే చప్పుడు. రాళ్ళ ఒడ్డున ఒకటి. అల్లంత దూరాన, నీళ్ళు నల్లబడే చోట, ఇంకొకటి. పద్దెనిమిది మంది ఆడవాళ్ళు మునిగితే పద్దెనిమిది ఈలలు రావాలి. ఒక్కటి తగ్గినా ఒడ్డున మంట కాచుకుంటున్నవాళ్ళు లేచి నిలబడతారు.

ఈ చలికాలం నుంచీ మునిగేది పదిహేడు మందే.

యోన్‌హ్వాకి మాత్రం పద్దెనిమిది వినిపిస్తున్నాయి.

ఎన్నిసార్లు లెక్కపెట్టినా అంతే. చివరి ఈల కాస్త బొంగురుగా, కాస్త విసుగ్గా ఉంటుంది. అది బున్సెంగ్ ముసలమ్మది. ఆవిడ పోయి మూడు నెలలైంది.

యోన్‌హ్వాకి ఊపిరి పట్టడం నేర్పింది ఆవిడే. పదకొండేళ్ళ పిల్ల చంకలో తేలడానికో సొరబుర్ర పెట్టి, రాళ్ళకంటిన సముద్రపు చిప్పల్ని ఊడబెరికే ఇనుప బద్ద చేతికిచ్చి, వీపు మీద ఒక్కటి చరిచి నీళ్ళలోకి తోసింది. ముద్దూ లేదు, మురిపెమూ లేదు. నోరు తెరిస్తే తిట్లే.

"చిప్ప కనబడింది కదాని ఊపిరంతా అక్కడే తగలెయ్యకు. పైకి రావడానికి కాస్త దాచుకో. ఆ చిప్ప ఎక్కడికి పోతుందే? దానికేమన్నా కాళ్ళున్నాయా?"

"నువ్వు మునిగిపోతుంటేనో, సమ్‌చున్?"

"నీ దగ్గర ఊపిరుంటే లాగు. లేదంటే వదిలేసి నీ దారిన పైకి పో. ఇద్దరం చచ్చి సాధించేదేముంది? గంజి ఎవరు కాస్తారు?"

అంత మాటన్న మనిషి...

యోన్‌హ్వాకి పదిహేడేళ్ళప్పుడు రాతి సందులో చేయి ఇరుక్కుంది. పైకి వెళ్ళిపోతున్న బున్సెంగ్ అది చూసింది. ఆవిడ దగ్గర ఊపిరి లేదు. అయినా మధ్యలోంచి వెనక్కి తిరిగింది. లాగింది. ఇద్దరూ తేలేసరికి ఆవిడ ముక్కులోంచి రక్తం కారుతోంది.

"నువ్వు చెప్పిందేమిటి, చేసిందేమిటి?" అనడిగింది యోన్‌హ్వా.

"నోర్మూసుకో. బంగారంలాంటి బద్ద పారేశావు."

సమ్‌చున్... ఆ మాట ఆ ద్వీపంలో పుట్టి పెరిగినవాళ్ళకే తెలుసు. పక్కింటి ముసలాయన సమ్‌చున్. ఎదురింటి ఆవిడా సమ్‌చునే. ఆడా మగా తేడా లేదు, చుట్టరికం అక్కర్లేదు. నీకంటే పెద్దవాళ్ళయితే చాలు, ఊరంతా నీకు సమ్‌చున్లే. నీకు జ్వరమొస్తే ఏదో ఒక సమ్‌చున్ గంజి పోస్తుంది. తప్పు చేస్తే ఇంకో సమ్‌చున్ చెవి మెలిపెడుతుంది.

సముద్రానికి అవతలి గట్టువాళ్ళ భాషలో అదే మాటకి సొంత చిన్నాన్న అని అర్థం. తండ్రి తోడబుట్టినవాడు. రక్తం.

ఆ చిన్న తేడా ఒక మనిషి ప్రాణం అడుగుతుందని ఎవరనుకున్నారు?

బున్సెంగ్ కొడుకు దూచోల్. పంతొమ్మిదేళ్ళు. శరత్తులో హల్లా కొండెక్కి, సర్కారు మీద తిరగబడ్డ దళంలో కలిసిపోయాడు. ఊళ్ళో ఉన్న కుర్రాళ్ళని పోలీసులు పట్టుకెళ్ళి కొడుతున్నారు కాబట్టి ఎక్కాడు. ఎక్కాక ఇక దిగే వీలు లేదు.

చలికాలంలో ఓ పొద్దున జవాన్లు వచ్చారు. అవతలి గట్టు నుంచి ఓడల్లో దిగినవాళ్ళు. ఊరందరినీ బార్లీ చేలోకి తోలారు. జానెడు మొలిచిన పచ్చటి పైరు కాళ్ళ కింద నలిగిపోయింది. చుట్టూ నల్లరాళ్ళ గోడ. గాలి మాత్రం ఎప్పటిలాగే వీస్తోంది.

ఇంటిపేరు ముందు పెట్టి, ఇంటింటి కుర్రాళ్ళ పేర్లు చదివారు. ఏ ఇంట్లో కుర్రాడు కనబడడో, ఆ ఇంటి మనిషి ఒకరు వాడి బదులు నిలబడాలి.

వాడి బదులు. అంతే. ఆ మాట అంత తేలిగ్గా అన్నారు.

"బూ దూచోల్!"

ఎవరూ పలకలేదు.

బున్సెంగ్ ముసలమ్మ తలగుడ్డ సర్దుకుని తనంతట తనే గోడవైపు నడిచింది. రాయి తగిలి తూలి, మోకాళ్ళ మీద పడింది.

"సమ్‌చున్!"

యోన్‌హ్వా నోట్లోంచి వచ్చేసింది. ఆలోచించి అన్నది కాదు. పాతికేళ్ళుగా అంటున్న మాట.

జవాను తిరిగి చూశాడు.

"ఏంటే? చిన్నాన్నా? ముసలిదాన్ని పట్టుకుని చిన్నాన్నంటుంది, ఇదేం భాషరా నాయనా!" అని పక్కవాడితో నవ్వాడు. తర్వాత నవ్వాపేశాడు. "ఏదైతేనేం. రక్తసంబంధమేగా. నువ్వూ రా ఇటు."

యోన్‌హ్వా లంగా అంచు పట్టుకుని ఏడేళ్ళ కూతురు హేసుక్ నిలబడి ఉంది. ఆ పిల్లకి తల్లి తప్ప ఎవరూ లేరు. తండ్రి ఒసాకా ఫ్యాక్టరీకని వెళ్ళి, ఉత్తరం ముక్క కూడా రాయకుండా పోయాడు.

అప్పుడు లేచింది ముసలమ్మ. మోకాళ్ళకంటిన మట్టి దులుపుకుంది. దులుపుకుని—తిట్టడం మొదలెట్టింది.

"ఎవరే నీకు సమ్‌చున్? దొంగముండా! అయ్యా, పోయినేడు నా వల సంచిలో చిప్పలు కొట్టేసింది ఇదే. ఇప్పుడొచ్చి వరసలు కలుపుతోంది. నేను పోతే నా సొరబుర్ర కొట్టేద్దామని దీని ఏడుపు! ఈ దరిద్రగొట్టు మొహాన్ని నా పక్కన నిలబెట్టకండి. చచ్చేటప్పుడైనా నన్ను ప్రశాంతంగా చావనివ్వండి."

జవాను యోన్‌హ్వా వైపు తిరిగాడు. "నీకేమవుతుంది ఈవిడ?"

గాలి.

కూతురి పిడికిలి బిగుసుకుంది.

"ఏమీ కాదండీ... ఊరికే అలా పిలుస్తాం. అందరినీ పిలుస్తాం. ఆవిడ నాకేమీ కాదు."

అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. ఎవరినైనా అడగండి. చుట్టరికం లేదు, ఇంటిపేరు వేరు, వంశం వేరు. అక్షరాలా నిజం చెప్పి బతికింది యోన్‌హ్వా.

ముసలమ్మ చిన్నగా తలూపింది. యోన్‌హ్వా మొదటిసారి లోతుకి వెళ్ళి, ఊపిరి మిగుల్చుకుని పైకొచ్చిన రోజున ఊపిందే, అలాగే.

తర్వాత తుపాకీ చప్పుళ్ళు. తర్వాత కాకులు.

ఆవిడ ఎలాగూ పోయేదే కదా. తనూ పోతే ఎవరికి లాభం? ముసలమ్మే కాపాడింది, తను అవునని ఉంటే ఆవిడ తిట్లన్నీ వృథా అయ్యేవి. యోన్‌హ్వా ఇదంతా తనకి తను చెప్పుకుంటుంది. జావ కలుపుతూ చెప్పుకుంటుంది. తడిబట్ట పిండుతూ చెప్పుకుంటుంది. ఎదురు చెప్పేవాళ్ళు ఊళ్ళో ఒక్కరూ లేరు. ఒక్కరైనా చెప్తే బాగుండును.

ఆ రోజు నుంచి ఆమె ఎవరినీ సమ్‌చున్ అని పిలవలేదు. "ఇదిగో", "చూడండి" అంటూ నెట్టుకొస్తోంది. మంట దగ్గర ముసలమ్మ కూర్చునే చోటు ఖాళీగానే ఉంది. పొగ మాత్రం అటే పోతుంది.

నీళ్ళలో ఆ పద్దెనిమిదో ఈల...

హో...యి—

వసంతం వచ్చింది. విమానంలోంచి కాగితాలు రాలాయి. కొండ దిగి రండి, ఏమీ చెయ్యం అని వాటిలో రాసి ఉంది. కర్రలకి తెల్లగుడ్డలు కట్టుకుని దిగారు. ముసలివాళ్ళు, పిల్లలు, చంటిబిడ్డల్ని ఎత్తుకున్న తల్లులు. వాళ్ళలో దూచోల్. గడ్డిచెప్పులు పాదాలకే అతుక్కుపోయి ఉన్నాయి. చెంపలు లోపలికి పోయాయి. వాణ్ణి మరో ఐదుగురితో కలిపి ఒడ్డునున్న చేపల కొట్టంలో పెట్టారు.

యోన్‌హ్వా ఉడికించిన చిలగడదుంపలు తీసుకెళ్ళింది. కాపలావాడు పోనిచ్చాడు.

దూచోల్ తొక్క కూడా తియ్యకుండా తిన్నాడు. తిన్నాక అడిగాడు.

"ఆ రోజు చేలో అమ్మ దగ్గర నువ్వున్నావటగా, సమ్‌చున్?"

"...ఉన్నాను."

"ఏమన్నా అందా?"

"తిట్టింది."

వాడు నవ్వాడు. కొండ దిగాక మొదటి నవ్వేమో. "తిట్టకుండా ఉంటే అమ్మెలా అవుతుంది! కొండమీద ఒకటే బెంగగా ఉండేది నాకు. ఒక్కతే పోయిందేమోనని. నువ్వున్నావు కదా. అంతే చాలు. నీ రుణం తీర్చుకోలేను సమ్‌చున్."

యోన్‌హ్వా నోరు తెరిచింది. చెప్పాలి. ఉన్నాను కానీ ఏమీ కానన్నాను బాబూ, అని చెప్పాలి.

"ఇంకో దుంప తిను" అంది.

మర్నాడు లారీ వచ్చింది.

ఈసారి వచ్చిన పోలీసు ద్వీపంవాడే. మాట యాసలోనే తెలిసిపోతోంది. చెప్పాల్సింది నాలుగు ముక్కల్లో చెప్పాడు. దిగొచ్చినవాళ్ళకి సొంతవాళ్ళు ఎవరైనా పూచీ పడితే ఊళ్ళోనే ఉండొచ్చు. లేనివాళ్ళు లారీ ఎక్కాలి. రేవుకి, అక్కణ్ణుంచి ఓడలో అవతలి గట్టు జైలుకి. అక్కణ్ణుంచి తిరిగొచ్చినవాళ్ళని ఎవరూ చూడలేదు. పూచీ పడ్డాక కుర్రాడు మళ్ళీ కొండెక్కినా, ఎక్కాడని గిట్టనివాడెవడో చెప్పినా, పూచీ పడిన మనిషి బార్లీ చేలోకి నడవాలి.

ఐదుగురికీ మనుషులొచ్చారు. ఒకడికి తాత, ఒకామెకి మరిది... దూచోల్ ఒక్కడే మిగిలాడు.

పదిహేడు మంది ఆడవాళ్ళూ అప్పుడే నీళ్ళలోంచి వచ్చి ఒడ్డున నిలబడి ఉన్నారు. బట్టల్లోంచి నీళ్ళు కారుతున్నాయి.

"సమ్‌చున్!" అని పిలిచాడు దూచోల్.

ఎవరి వైపూ చూడలేదు. సముద్రం వైపు చూస్తూ పిలిచాడు. ఎవరినైనా చూస్తే వాళ్ళని పట్టించినట్టవుతుందని కాబోలు. తల్లి పోలిక ఎక్కడికి పోతుంది?

పదిహేడు మంది. పదిహేడు మందీ వాడికి సమ్‌చున్లే. వాడికి పాలు లేనప్పుడు తమ రొమ్మిచ్చినవాళ్ళు ముగ్గురున్నారు వాళ్ళలో.

ఒక్కరూ తల తిప్పలేదు.

"ఎవర్ని పిలుస్తున్నాడమ్మా?" అన్నాడు పోలీసు. కాసేపు చూశాడు. తనే నిట్టూర్చాడు. "మన దగ్గర ఈ మాటకేముందిలే. ఊరికే పిలుపు. నాకు సొంతవాళ్ళు కావాలి. సొంతవాళ్ళు."

ఊరికే పిలుపు!

ఆ రోజు తనని బతికించిన నిజమే అది. ఇప్పుడు వాణ్ణి బతికించడానికి ఒక అబద్ధం కావాలి. వీడు మా చిన్నాన్న కొడుకు... చాలు. పోలీసు పెన్ను కాగితం మీద పెట్టి ఆగాడు. రాద్దామనే ఆగాడు. ఎవరో ఒకరు ఏదో ఒకటి అనండమ్మా అన్నట్టు మొహాలు చూస్తూ ఆగాడు. యోన్‌హ్వాకి అది స్పష్టంగా తెలిసింది. తెలియలేదని తర్వాత ఎప్పుడూ అనుకోలేకపోయింది.

పక్కామె అంటుందేమోనని ఈమె. ఈమె అంటుందేమోనని పక్కామె.

ఊపిరి ఉంది. గుండెల నిండా ఉంది. బిగబట్టి నిలబడింది.

పోలీసు పెన్ను జేబులో పెట్టుకున్నాడు.

లారీ గోడ మలుపు తిరిగేదాకా దూచోల్ సముద్రాన్నే చూశాడు.

సాయంత్రం జావ తాగుతూ హేసుక్ అడిగింది.

"అమ్మా, దూచోల్ అన్నయ్య పిలిచాడు కదా. ఎందుకు పలకలేదు?"

"నీకోసమేనే" అంది యోన్‌హ్వా. ఆలస్యం లేకుండా వచ్చింది జవాబు. మూడు నెలలుగా నోట్లోనే ఉన్న జవాబు. "నాకేమన్నా అయితే నిన్నెవరు చూస్తారు?"

పిల్ల చెంచా కింద పెట్టింది.

"నేను లేకపోతే పలికేదానివా?"



పలికేదాన్ని అంటే, ఆ కుర్రాడి ప్రాణం ఈ ఏడేళ్ళ పిల్ల నెత్తిన పడుతుంది. పలికేదాన్ని కాదంటే... అప్పుడు ఇంతకాలం కాపాడుకున్నది ఎవర్ని?

"తాగు. చల్లారిపోతోంది" అంది.

పిల్ల గిన్నె పక్కకి జరిపింది. మళ్ళీ ముట్టుకోలేదు.

మర్నాడు సముద్రం తెల్లగా, నిశ్చలంగా ఉంది. యోన్‌హ్వా లోతుకి దిగింది. రాతికి కరుచుకుని పెద్ద చిప్ప కనబడింది. దాన్ని ముట్టుకోలేదు. నీళ్ళలోనే నోరు తెరిచింది.

వాడు నావాడు.

మాటలు బుడగలై పైకి పోయాయి. చల్లటి ఉప్పునీళ్ళు నోట్లోకొచ్చాయి. మళ్ళీ అంది. ఆవిడ నా మనిషి. పైకి రావడానికి దాచుకున్న ఊపిరి కూడా ఆ మాటలకే అయిపోయింది. భయమేసింది. నిజంగా భయమేసింది. కాళ్ళు వాటంతటవే నేలని తన్నాయి.

తేలింది.

హో...యి—

ఆకాశం గిర్రున తిరిగింది. సొరబుర్రని వాటేసుకుని దగ్గింది. ఒడ్డు కోసం చూసింది. హేసుక్ రాళ్ళ మీద కూర్చుని ఉంది. ఒడిలో గవ్వలు.

"హేసుక్!"

సన్నటి గాలి ఒడ్డువైపే వీస్తోంది. పిలుపు చేరే ఉంటుంది.

"హేసుక్! అమ్మనే..."

పిల్ల చేయి గవ్వల మీద ఒక్క క్షణం ఆగింది. తర్వాత ఇంకో గవ్వ ఏరుకుంది. తల మాత్రం తిప్పలేదు.