బొట్టున్న వైపు

సుబ్బన్న పాత తువ్వాలు ముక్కను చెంబులో ముంచి, పిండకుండా, నీళ్లు కారడం ఆగేదాకా గాలిలో పట్టుకున్నాడు. మరీ తడిగా ఉంటే దారం జారిపోతుంది. మరీ పొడిగా ఉంటే వేలు కోస్తుంది. తమిళనాట పెన్నాగరం బస్టాండుకు ఎదురుగా, పగ్గాలూ వలలూ గాలాలూ అమ్మే గోవిందరాజ్ కొట్టు అరుగు మీద ఆయనకు ప్రతి ఉదయం ఇలాగే మొదలవుతుంది. కొబ్బరి తాళ్ల వాసన, హొగేనకల్ బస్సు వదిలిన పొగ, పక్క టీ బంకులో నలిగిన అల్లం ఘాటు, అన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ అరుగెక్కుతాయి.

పొట్టి మనిషి. ముఖానికి మించిన మీసం, పై పెదవిని పూర్తిగా కప్పేసి ఉంటుంది. కుడి చూపుడువేలి మీద సన్నటి గాడి. ఎన్నో ఏళ్లుగా నైలాన్ దారం నడిచి నడిచి పడిన దారి. ఆయన భార్య గోపమ్మ దాన్ని కాలువ అనేది. వాన పడితే అందులో నీళ్లు పారతాయని నవ్వేది.

కావేరిలో చేపలు పట్టాలని సరదాపడేవాళ్లు ఈ కొట్లో గాలపు కర్రకు బిగించే రీలు కొంటారు. ఆ రీలుకు దారం చుట్టి ఇవ్వడం సుబ్బన్న పని. కంపెనీ దారం ప్లాస్టిక్ చక్రానికి చుట్టుకుని వస్తుంది. ఆ చక్రాన్ని పడుకోబెట్టి, సరైన ముఖం పైకి ఉంచితే దారం రీలులోకి సాఫీగా పోతుంది. తిరగబెడితే ప్రతి చుట్టుకూ ఒక పురి ఎక్కుతుంది. ఆ పురి అప్పటికి కనిపించదు. ఏటి ఒడ్డున గాలం విసిరినప్పుడు మాత్రం దారమంతా ఉంగరాలు తిరిగి, పిచ్చుక గూడులా బయటికి దూకుతుంది. ఏ ముఖం సరైనదో కంపెనీవాళ్లు రాయరు. ఒక్కో రకానికి ఒక్కో తీరు.

ఆ సంగతి గోపమ్మ చూసుకునేది. సాయంత్రం ఆయన చక్రాలు ఇంటికి తెచ్చేవాడు. వాకిట్లో మేకలు నెమరు వేస్తుంటే ఆమె చక్రాన్ని ఒళ్లో పెట్టుకునేది, ఆయన రీలు తిప్పేవాడు. కాసిని చుట్లు పడగానే "ఆపయ్యా" అనేది. దారాన్ని వదులు చేసి కింద పెదవికి ఆనించుకుని కళ్లు మూసుకునేది. దారం తెల్లటిది, కంటికి ఆనదు. పెదవికి తెలుస్తుంది. మెలికపడితే చక్రం తిరగేసేది. తిన్నగా పడుకుంటే, పైన ఉన్న ముఖానికి నూనెలో తడిపిన కుంకుమతో బొట్టు పెట్టేది. ఆ తర్వాత చూసుకోనక్కరలేదు. బొట్టు పైకి ఉంటే చాలు.

"నేను చూస్తా ఈ పొద్దు" అని ఆయన అంటే, "నీ మీసానికి ఏమి తెలుస్తాది? దారం దాంట్లో చిక్కుకునిందంటే కత్తెర తేవాల" అనేది.

గోపమ్మ పోయిన పదహారో దినం వాళ్ల కూతురు ధనలక్ష్మి ఇల్లంతా కడిగింది. గూట్లో ఉన్న చక్రాలను కూడా చింతపండుతో తోమి, తళతళలాడించి, వరసగా ఎండలో పెట్టింది. ఒక్క బొట్టూ మిగల్లేదు. సుబ్బన్న ఒక చక్రం తీసి రెండు ముఖాలూ తిప్పి చూశాడు. "బాగా కడిగినావు తల్లీ" అన్నాడు.

అప్పటినుంచి రీళ్లు వాపసు వస్తున్నాయి. గుర్తున్నంతలో, ఊహించినంతలో ఆయన చక్రాలు పెడుతున్నాడు. సగం తప్పుతున్నాయి.

"మామా, సేలంలో దారం చుట్టే మిషను అమ్ముతారంట" అన్నాడు గోవిందరాజ్, కొట్టు దేవుడికి ఊదువత్తి తిప్పుతూనే. గిరాకీల ముందు తమిళమే గానీ, ఇద్దరే ఉంటే అతను తెలుగే మాట్లాడతాడు. "ఈ పొద్దు ఇంకొక రీలు వాపసు వచ్చినాదంటే నేను ఫోను చేసి మిషను చెప్పేస్తా. నువ్వు పగ్గాలు అల్లుకో. నిన్ను పొమ్మనలేదు నేను."

"సరి" అన్నాడు సుబ్బన్న. పగ్గాలు అల్లడం ఆయనకు కష్టం కాదు. కానీ మేకల్ని పోయినేడే అమ్మేశారు. ఇద్దరూ కలిసి చేసిన పనుల్లో మిగిలింది ఇదొక్కటే. ఇది కూడా చేతిలోంచి పోతే, సాయంత్రాలు గోపమ్మను ఎక్కడ కూర్చోబెట్టుకోవాలో ఆయనకు తెలియలేదు.

టీ తాగి గ్లాసు దించేలోపే ఒక బండి ఆగింది. మొన్న రీలు కొన్న అబ్బాయే. వెనక కొత్త పసుపుతాడుతో ఒక అమ్మాయి. గోరింటాకు ఇంకా పూర్తిగా పోలేదు. అబ్బాయి చేతిలోని రీలు నిండా దారపు గూడు. అతను తమిళంలో గోవిందరాజ్ మీద గట్టిగానే ఎగిరాడు. గోవిందరాజ్ సుబ్బన్న వైపు ఒక్క చూపు చూసి, లోపలికి వెళ్లి ఫోను తీశాడు.

అమ్మాయి మాత్రం ఆ గూటిని చూసి నవ్వు ఆపుకోలేకపోతోంది. "నిద్ర లేస్తానే నీ తల ఇట్లే ఉంటాది హరీ" అంది మెల్లిగా, తెలుగులో.

సుబ్బన్న తలెత్తాడు. "ఏ ఊరమ్మా మీది?"

"అయ్యో, మీరు తెలుగా తాతా? బొమ్మిడి. ఈయనది మల్లాపురం. నా పేరు తనుజ." వినేశారని సిగ్గుపడి, హరి వీపు వెనక ముఖం దాచుకుంది.

"తప్పు నాది నాయనా" అన్నాడు సుబ్బన్న హరితో. "వేరే దారం చుట్టిస్తా. అయితే ఏ ముఖం సరైనదో చూసేదానికి ఇంకొక మనిషి కావాల. ఏమ్మా, ఈ చక్రం పట్టుకుంటావా?"

తనుజ వెంటనే అరుగెక్కి బాసింపట్టు వేసుకుని కూర్చుంది. గోవిందరాజ్ ఫోను చెవి దగ్గరే పెట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. సుబ్బన్న రీలును బల్లకు బిగించి, తడి గుడ్డలో దారం పట్టి తిప్పాడు. కాసిని చుట్లు పడ్డాక "ఆపు" అని తనే అనేసి, కొంచెం తడబడ్డాడు. "ఇప్పుడు దారం వదులు చేసి పెదవికి ఆనించమ్మా. మెలిక పడతా ఉండాదా చెప్పు."

ఆమె హరి వైపు చూసింది. దారం వైపు చూసింది. చెవులు ఎర్రబడ్డాయి.

"నేనడిగితే ఎవరన్నా చూస్తారంటాది" అన్నాడు హరి, కోపం ఎక్కడ పెట్టాడో మరిచిపోయి.

"నోరు మూయి నువ్వు!" కళ్లు మూసుకుని దారం ఆనించింది. "తాతా, పాకుతా ఉండాది! మురుకు మాదిరి చుట్టుకుంటా ఉండాది!"

"తిరగేయి."

చక్రం తిరగేసింది. మళ్లీ తిప్పారు. మళ్లీ ఆనించింది. ఈసారి ఆమె ముఖం నిదానంగా విప్పారింది. "ఇప్పుడు నిద్రపోతా ఉండాది" అంది గుసగుసగా, లేస్తుందేమోనన్నట్టు.

గోవిందరాజ్ ఫోను జేబులో పెట్టుకున్నాడు.

సుబ్బన్న గోపమ్మ సంగతి, బొట్ల సంగతి చెప్పాడు. చింతపండు సంగతి చెప్పలేదు, అరిగిపోయాయన్నాడు. తనుజ సంచిలోంచి కుంకుమ భరిణె తీసి, ఆయన చూపించిన కొబ్బరినూనెలో వేలు తడిపి, చక్రానికి బొట్టు పెట్టింది. పెట్టి భరిణె ఆయన పక్కనే ఉంచింది. "మా ఇంట్లో పెండ్లికి వచ్చినవి కుప్పలుగా ఉండాయి. ఇది మీకే."

రీలు అంచు దాకా నింపకుండా ఆపి, సుబ్బన్న హరి చేతికిచ్చాడు. "విసిరినాక ఈ కమ్మీని చేత్తో మూయి. పిడి తిప్పి మూయొద్దు. మూసి, ఒకతూరి దారం లాగు. అయినా పురి ఎక్కిందంటే గాలం తీసేసి ఉత్త దారం ఏట్లో వదులు. నీళ్లే విప్పుతాయి."

బండి కదిలి వెళ్లాక కూడా ఆయన ఆ మాట దగ్గరే ఆగిపోయాడు. పెళ్లయిన కొత్తలో గోపమ్మతో కావేరి ఒడ్డున కూర్చుని ఉత్త దారం వదిలిన రోజు. పుట్టి తోసుకుంటూ పోతున్నవాళ్లు, "ఏం సుబ్బన్నా, గాలం మరిచిపోయినావా, పెండ్లాం మతి పోగొట్టిందా?" అని కేకలు వేశారు. గోపమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. దారం చివర నీళ్లలో బొంగరంలా తిరిగి తిరిగి, చివరికి ఊరుకుంది. ఇద్దరూ దాన్ని మెల్లగా వెనక్కి చుట్టుకున్నారు. ఏమీ పట్టకుండా ఇంటికి వెళ్లి, పండగ చేసుకున్నట్టు రాగిసంగటి తిన్నారు.

మధ్యాహ్నం గిరాకీ లేదు. అరలో మిగిలిన చక్రాలు కనిపించాయి. పరీక్షకు పట్టుకోవడానికి ఎవరూ లేరు. సుబ్బన్న ఒకదాన్ని నేల మీద పడుకోబెట్టి రీలు తిప్పాడు. చక్రం కదలకుండా పడుకునే ఉంది, దారం దానంతటదే లేచి వచ్చింది. గిరాకీకి రోజూ చుట్టేది ఇలాగే అయినా, పరీక్షకు కూడా ఒళ్లో పట్టుకునే మనిషి అవసరం లేనే లేదని ఇప్పుడే తట్టింది.

వదులు చేసిన దారాన్ని కింద పెదవికి ఆనించుకున్నాడు. పై పెదవి మీసం కింద ఉంటే ఉంది, కింద పెదవికి ఏ అడ్డూ లేదు. మెలిక స్పష్టంగా, చీమ నడిచినట్టు తెలిసింది.

"ఓసినీ" అన్నాడు పైకే.

ఇన్నేళ్లూ ఆమెకు తెలుసన్నమాట. ఒక్కడి పనిని ఇద్దరి పనిగా ఉంచింది. నవ్వొచ్చింది ఆయనకు. తనకు ముందే తెలిసుంటే మాత్రం బయటపెట్టేవాడా?

"ఏంది మామా, ఒంటిగా నవ్వుతా ఉండావు?" అన్నాడు గోవిందరాజ్.

"మా ఆడమనిషి జరిపించిన మోసం ఇప్పుడు దొరికింది."

పొద్దు వాలేదాకా ఆయన చక్రాలన్నీ ఒక్కొక్కటే పరీక్షించి బొట్లు పెట్టాడు. "మిషను వద్దని చెప్పేసినా" అన్నాడు గోవిందరాజ్ షట్టరు దించుతూ. సుబ్బన్న తల ఊపి, తడి గుడ్డను మేకుకు తగిలించి, ఊరి బస్సెక్కాడు.

మరునాడు అరుగు మీదికి ఆయన రాలేదు. ధనలక్ష్మి ఫోను చేసింది. రాత్రి కడుపు నిండా తిని, వాకిట్లో మంచం వేసుకుని, అమ్మ మోసం గురించి చెప్పి చెప్పి నవ్వి పడుకున్నాడట. తెల్లవారి పిలిస్తే లేవలేదు.

మట్టి వేసి వచ్చిన కొన్నాళ్లకు గోవిందరాజ్ కొట్టు తెరిచి, వచ్చిన గిరాకీకి దారం చుట్టడానికి తనే కూర్చున్నాడు. మేకుకున్న గుడ్డ ఎండి బిరుసెక్కింది. దాన్ని చెంబులో ముంచాడు. అరలోంచి ఒక చక్రం తీసి నేల మీద పడుకోబెట్టాడు. బొట్టు పైకి ఉంది, కొంచెం పెద్దగా, కొంచెం వంకరగా. దాని మధ్యలో సన్నటి గాడి ఒకటి, సుబ్బన్న వేలిదే, ఎర్రగా నూనె మెరుస్తూ అలాగే ఉంది.