గ్లాసు నీళ్లలో చిటికెడు కారం

మా శ్రీదివ్య మూడో తరగతి. సైన్సు డే నాడు తల్లులంతా బడికి రావాలని జయకుమారి టీచరు కబురు చేస్తే, పట్టుచీర కట్టుకుని మరీ వెళ్లాను. ఊళ్లో ఉన్న ఒక్క కారం మిల్లు మాదే మరి. నాకు కాస్త టెక్కు ఎక్కువంటారు. ఉంటే ఉందిలెండి.

పిల్లలు ఇంటి నుంచి కారం పొట్లం కట్టుకు రావాలట. గ్లాసు నీళ్లలో చిటికెడు చల్లితే మంచి కారం పైన తేలి మెల్లగా దిగుతుందట. రంగు కలిపిందైతే ఎర్రటి చారలు కారతాయట. శాస్త్రవేత్తలంటే గదుల్లో తలుపులేసుకుని కూర్చునేవాళ్లు కాదు, చూసింది చూసినట్టు చెప్పి ఎందుకని అడిగేవాళ్లని టీచరు చెబుతోంది. నా గుండెల్లో రాయి పడింది. లేచి పోదామంటే మొదటి వరసలో కూర్చున్నానాయె.

మా పిల్ల గ్లాసు తేటగా ఉంది. ఉండదా మరి? మా ఇంటికి ఎర్రటి కాయలు ఏరి వేరే ఆడించుకుంటాం. తర్వాత ఎలీసమ్మ కొడుకు నతానియేలు చల్లాడు. ఎర్రటి చారలు గ్లాసు అడుగుదాకా దిగాయి. పిల్లలు గొల్లున నవ్వారు. ఎలీసమ్మ సీజనంతా మా చేలో కాయలు కోస్తుంది, కారం మాత్రం మా మిల్లులో పావుకిలో చొప్పున కొనుక్కుంటుంది. అలా కొనుక్కునేవాళ్లకు ఆడేది తెల్లబడిపోయిన తాలుకాయలు. వాటికి రంగు కలిపేది మా ఆయన, తూచి ఇచ్చేది నేను.

"టీచర్, వాడిదీ మా మిల్లు కారమే," అంది మా పిల్ల. "మొన్న మా అమ్మే తూచి ఇచ్చింది. రెండూ ఒక మిల్లువే గదా, ఇదెందుకు ఇట్టా అయింది?"

టీచరు మురిసిపోయింది. శాస్త్రవేత్త అడిగే ప్రశ్న అంటే ఇదీ అని అందరిచేతా చప్పట్లు కొట్టించింది. నేనూ కొట్టాను. ఛీ, నాకు చేతులెలా వచ్చాయో!

ఎలీసమ్మ తల వంచుకుని లేచింది. సిగ్గుపడాల్సింది నేనైతే ఆ పిచ్చిది తాను సిగ్గుపడుతోంది. ఇంట్లో డబ్బా తుప్పు పట్టిందనీ, మిల్లు కారం మంచిదేననీ టీచరుకు చెప్పి, కొడుకు చేతిలో గ్లాసు తీసుకుని పారబోయబోయింది. నా పరువు తాను కాపాడుతోంది. ఊరుకుంటే గండం గడిచేదే. కానీ మా పిల్ల ఆ తుప్పు మాట నిజమేననుకుని తలూపుతోంది. అది చూడలేకపోయాను.

"డబ్బాది కాదు ఎలీసమ్మా," అన్నాను. "అమ్మేదాంట్లో రంగు కలుపుతున్నాం. మాకు వేరే ఆడించుకుంటాం."

ఎలీసమ్మ నా వైపు చూడకుండా గ్లాసు తిరిగి కొడుకు చేతిలో పెట్టింది. తిట్టినా బాగుండేది. మా పిల్ల నా కొంగు పట్టుకుంది.

"వాళ్లకెందుకమ్మా అట్టాంటిది?"