రెండవ పొయ్యి

వైశాఖమాస ప్రచండ మార్తాండ కిరణ సంతప్తమై పచ్చదన మన్నమాటయే మఱచిపోయిన యెఱ్ఱనేలపై మధ్యాహ్నపు వడగాలి వేరుసెనగ పొట్టును దుమ్మును గలిపి పైకెత్తి వాకిళ్ళలో విసరివేయుచుండగా కుక్కలు సైతము మొఱుగుటకు బద్ధకించి గోడనీడల నాలుకలు వ్రేలవైచి పడియుండెడి యా వేళ సిద్ధరాంపల్లె పడమటివీధి కొననున్న యొక మట్టియింటినుండి మాత్రము రాగిసంగటి యుడుకు కమ్మని వాసన వెడలుచుండెను.

ఆ యింట నిరువురు వృద్ధలు గలరు. పెద్దది ఓబుళమ్మ. చిన్నది మారెక్క. ఇరువురును కీర్తిశేషుడైన తిప్పన్న భార్యలు. ఓబుళమ్మ తనకు సంతానము కలుగమిచే తానే వెదకి మారెక్కను దెచ్చి భర్తకు రెండవ పెండ్లి చేసెను గాని దైవ మామె కడుపును సైతము పండింపలేదు. తిప్పన్న పోయిన పిమ్మట సవతులు జుట్లు పట్టుకొందురని యూరివారందఱు వేడుక చూడ గాచుకొని కూర్చుండిరి. పాపము! వారి యాస నెఱవేఱలేదు. ఆ ముసలివా రిరువురు నొకే కుండలో వండుకొని యొకే చాపపై బరుండి యూరివారికి మాటలాడుకొన నొక్క ముక్కయైన దొరకనీయక కాలము గడుపుచుండిరి.

సంగటి యొంటిచేతి పని కాదు. ఉడుకుచున్న కుండ కదలకుండ నొకరు గుడ్డలతో నదిమిపట్టవలెను. మఱియొకరు నిలువున తెడ్డు వేసి బలముకొలది గెలుకవలెను. ఓబుళమ్మ గెలుకునది. మారెక్క పట్టునది. అట్లు గెలుకుచు నోబుళమ్మ యెన్నడైన భర్త మరణమును దలచి యొక్క దుఃఖము మాత్రము వెళ్ళబోసికొనును.

"పోతా పోతా నాకొగ మాటన్నా చెప్పకపాయెనే మారెక్కా. వాకిట్లోనే ఉంటి కదనే."

మారెక్క వంచిన తల యెత్తక కుండను మఱింత గట్టిగా పట్టుకొనును.

ఓబుళమ్మకు వృద్ధాప్యపు పింఛను వచ్చుచుండెను. మారెక్క కూలికి బోవునంతకాల మది చాలెను. ఆమె మోకాళ్ళు చెడి వేరుసెనగ కాయలు పెఱుకుటకు వంగలేని దినములు వచ్చినంతనే యొక్కరి పింఛను రెండు కడుపులకు చాలదయ్యెను. వయసు చాలినది గదా యని మారెక్క దరఖాస్తు పెట్టుకొనెను. ఇక జూడుడు కార్యాలయమువారి కటాక్షము! ఒకనాడు సర్వరు పనిచేయదు. ఒకనాడు సారు రాడు. వచ్చిననాడు ఫోటోలో చెవి కనబడదు. చెవితో గూడ ఫోటో తీయించుకొని పోయిననాడు అసలు సంగతి చావు కబురువలె చల్లగా జెప్పిరి. ఒక్క రేషను కార్డున కొక్క పింఛనట! ఆకలి కడుపున కొక్కటి గాక కార్డున కొక్కటి యని కనిపెట్టిన మహానుభావు డెవ్వడో గాని వానికి వేయి దండములు.

ఏడ్చుచు మరలుచున్న మారెక్కను జూచి జాలిపడి తలారి చౌడప్ప యుపాయము చెప్పెను.

"వేరుపడినామని రాయించుకోండి అవ్వా. ఇంగొగ పొయ్యి పెట్టండి. అయితే విచారణకొచ్చే సారు శానా అనుమానం మనిషి. ఆయన ముందర ఇద్దరూ నాలుగు మాటలు గట్టిగా అనుకోండి. అప్పుడు నమ్ముతాడు."

ఆ సాయంకాలమే రెండవ పొయ్యి వెలసెను. మారెక్క మన్ను తొక్కెను. ఓబుళమ్మ మెత్తెను. జగడమున కొక కారణము కావలయునుగదా యని యిరువురు చాల యాలోచించిరి.

"నా కోడిని కోసుకొని తింటివని అంటాలే."

"మనకు కోడి యాడిదక్కా?"

అంతట నిరువురు పగలబడి నవ్విరి. నవ్వి నవ్వి యోబుళమ్మకు దగ్గు తెరలు రాగా మారెక్క యామె వీపు నిమిరెను. ఆ యింట వా రిరువురు నవ్విన కడపటి నవ్వు అదియే.

మఱునాడు విచారణాధికారి వేంచేసెను. రుమాలు ముక్కున కడ్డముగా బట్టుకొని చెప్పులైన విడువక లోపలికి వచ్చి వ్రేలితో క్రొత్త పొయ్యిని గీకి చూచి పెదవి విఱిచెను.

"ఈ మట్టి ఇంకా ఆరనే లేదు. నాకు చెవిలో పువ్వులు పెడుతున్నారా?"

చౌడప్ప వెనుకనుండి సైగ చేసెను. వృద్ధలు కోడి జగడము మొదలిడిరి. ఎన్నడును కసరుకొని యెఱుగని యా నోళ్ళకు తిట్లు తడబడుచుండ వాకిట మూగిన జనము కిసుక్కున నవ్విరి. అధికారి కాగితములు మడిచెను.

"చాలు, ఆపండి. అబద్ధం చెప్పినందుకు పెద్దామె పింఛను కూడా నిలిపేయమని రాస్తాను."

ఆ మాటతో నోబుళమ్మ మొగము పాలిపోయెను. ఉన్నదియు పోవుచున్నది! భయమునకు బుద్ధి యుండదు. ఏ మాట యన్న నీతడు నమ్మునా యని లోపల వెదకికొనిన యా ముసలిదాని చేతికి దొరకిన దెన్నడును బయటికి రాదగని మాటయే.

"బిడ్డల కోసరమని తెచ్చుకుంటి కదే నిన్ను! నువ్వూ గొడ్డుదానివే అయితివి. ఏమిచ్చినావే నాకు? నా మొగుని పక్క పంచుకుంటివి. అంతే కదా!"

ఇది నిన్న ననుకొనిన మాట గాదు. మారెక్క యదరిపడి యామెను జూచెను. జనము నవ్వు మానెను. వచ్చిననాటినుండి మనసున నణచియుంచిన దెల్ల నొక్కసారిగా పొంగి మారెక్క నోటికి వచ్చెను.

"పక్క పంచుకుంటినా? యాడ పంచినాడు నాకు? సచ్చే దినం గూడా ఓబుళా ఓబుళా అని నిన్నే కలవరించినాడు. నువ్వు వాకిట్లో రాగులు చెరుగుతాండావు. పిలిస్తే వచ్చేదానివే. నేనే పిలవలేదు! ఆ ఒగ్గడియన్నా నాకే ఉండనీ అని పిలవలేదు!"

ఓబుళమ్మ నేలపై గూలబడెను. అధికారి యొక్కడు మాత్రము తృప్తిగా తల యాడించి కాగితములు మరల విప్పి వేఱు కాపురము నిజమని వ్రాసికొని యెండ ముదురకమునుపే జీపెక్కెను. ఆహా! ఏమి సత్యనిష్ఠ! ఏలినవారికి కల్ల పనికిరాదు గదా. కావలసిన నిజము దొరకువఱకు గీకి గీకి తీసికొని పోయిరి.

జనము చెదరిన పిమ్మట మారెక్క యోబుళమ్మ కాళ్ళు పట్టుకొనెను.

"అక్కా, అదంతా నాటకమే కదక్కా."

"నాటకమా? నా కండ్లలోకి చూసి చెప్పు. పిలిచినాడా లేదా?"

మారెక్క కల్లలాడలేకపోయెను.

"పిలిచినాడు."

ఓబుళమ్మ లేచి తన చాప దీసికొనెను. కుండ దీసికొనెను. ఆ రాత్రికే యింటి నడుమ తడిక లేచెను. మఱుమాసమునుండి రెండు పింఛనులు రెండు చేతులలో బడుచుండెను. నిజముగనే వేఱుపడిరో లేదో యని యేటేట విచారింప వచ్చెడి యా యధికారి రెండు పొయ్యిలలోను చేయి పెట్టి చూచి రెంటను నిప్పు గానవచ్చుటచే మిక్కిలి సంతసించెను. అయ్యా, మీ చేయి కాలకుండుగాక!

సంగటి మాత్ర మా యింట మరల ఉడుకలేదు. కుండ పట్టువా రొకచోటను గెలుకువా రొకచోటను బడిరి. ఇటు నటును పలుచని యంబలియే కాచుకొని త్రాగుచుండిరి.

ఒకనాటి మధ్యాహ్నము నోబుళమ్మకు సంగటిపై మనసు పోయెను కాబోలు. తడిక కావల తెడ్డు తిరుగు చప్పుడు వినవచ్చెను. ఉన్నట్టుండి కుండ యొఱగిన చప్పుడును పిమ్మట దగ్గు తెరయు వినవచ్చెను. ఈవల నంబలి ముంత ముందు గూర్చుండిన మారెక్క చేతులు రెండును తమంతట తామే ముందునకు సాగి కుండ నదిమిపట్టినట్లు గాలిలో నిలిచెను. ఆమె యట్లే చేతులు చాచికొని చెవి యొగ్గి చాలసేపు వినుచుండెను. పిలిచిన పోయెడిదే. ఆవలినుండి పిలువలేదు.