సమ్మవ్వ దాచిన గోలీలు

కోరుట్లలో ఒక కాలేజీ ల్యాబులో ప్రవళికకు ఎలుకలతోనే ఉద్యోగం. రొయ్యల పెంకుల నుంచి తీసిన పదార్థంతో కంటికి ఆనని గుళికలు చేసి, క్షయ క్రిమి డీఎన్ఏ ముక్కను వాటిలో పొదిగి, ఎలుకలకు సూది వేయాలి. అంతా కలిసొస్తే, రేపు మనుషులకు టీబీ రాకుండా ఆపే టీకా అదే. అప్పటికే రోగం వచ్చినవాళ్లకు మాత్రం పనికిరాదు. ఆ మాట ఇంట్లో చెప్పిందా అంటే, ఎక్కడిది! సిరిసిల్లలో మగ్గాలకు నూలు కండెలు చుట్టే తల్లి సమ్మవ్వ అడిగితే గొప్పకు పోయింది.

"టీబీకి మందు చేస్తున్ననే అవ్వా. పనిచేసిందని రుజువు చూపాలె, గప్పుడే అందరికి ఇస్తరు."

చివరికి టీబీ సమ్మవ్వకే వచ్చింది. సర్కారు గోలీలు మొదలుపెట్టాక దగ్గు కాస్త నెమ్మదించింది. అంతలోనే తెలంగాణ కోసం సకల జనుల సమ్మె! బస్సులు ఆగిపోయాయి. ఆశా కార్యకర్త చాలా రోజుల గోలీలు ఒకేసారి ఇంట్లో ఇచ్చిపోయింది. ప్రవళిక ఫోన్ చేసినప్పుడల్లా తల్లిది ఒకటే మాట, "మంచిగనే ఉన్న బిడ్డా."

గనులూ సమ్మెలోనే, బొగ్గు లేక కరెంటు పోతూనే ఉంది. టీకాను చల్లగా ఉంచే ఐసు గడ్డల కోసం జగిత్యాల పోయిన ప్రవళిక రాస్తారోకోలో చిక్కుకుంది, తనూ గొంతు చించుకుని జై తెలంగాణ అంది. తిరిగొచ్చేసరికి ఫ్రీజరులో టీకా అంతా పాడైపోయింది. బస్సులు తిరగ్గానే ఏడుపుముఖంతో సిరిసిల్ల బయలుదేరింది.

పక్కింటి జమాలున్నీసా వాకిట్లోనే చేయి పట్టుకుంది. "నిన్న మీ అవ్వను దవాఖానకు తీస్కపోయిన బిడ్డా. ఆలస్యమైందట. ఇంటికి తోల్కపొమ్మన్నరు."

ప్రవళిక లోపలికి ఉరికింది. మంచంలో ఎముకల గూడు, పక్కన నెత్తుటి గుడ్డ.

"గోలీలు ఏసుకోలేదా అవ్వా?"

సమ్మవ్వ దొంగనవ్వు నవ్వి, దిండు కింది నుంచి ఆశా కార్యకర్త ఇచ్చిపోయిన డబ్బా తీసింది. ఒక్క గోలీ కూడా విప్పలేదు.

"గవి ఏసుకుంటే తగ్గిపోతది. ఇగ నీ మందు పనిచేసిందని ఎట్ల చూపిస్తవు? పరాయోళ్లు ఎవలు ముందుకొస్తరు? నీ కోసమే ఉంచిన."

"ఏం ఉంచినవే?"

"రోగం."

ప్రవళిక ఎలుకల సంగతి చెప్పాలనుకుంది. ఆ మందే లేదని, ఉన్నా అమ్మకు పనికిరాదని చెప్పాలనుకుంది. పాడు నోరు, అప్పుడు గొప్పలు చెప్పింది, ఇప్పుడు పెగలనే లేదు.

సమ్మవ్వ రవిక చేయి పైకి జరిపి, పుల్లలాంటి దండచేయి ముందుకు చాపింది.

"నొప్పయినా ఓర్చుకుంట. ఎయ్యి బిడ్డా."